మిట్టమధ్యాహ్నం 253 వోల్టులు

మా పిన్ని ఇంటి మీద సోలార్ పలకలు పెట్టించాక ఆవిడకు ఎంతకీ అంతుపట్టని సంగతి ఒకటుంది. పల్చగా మబ్బు పట్టిన రోజున ప్లాంటు బుద్ధిగా పనిచేస్తుంది. సంక్రాంతి వెళ్లాక ఆకాశం నిర్మలంగా ఉండి, ఎండ బాగా కాసే రోజుల్లో మాత్రం పదకొండు దాటగానే ఆగి ఆగి నడుస్తుంది. ఫోనులో యాప్ తెరిస్తే ఉత్పత్తి గీత పొద్దున్నుంచి నున్నగా పైకెక్కి, ఉన్నట్టుండి నిట్టనిలువుగా సున్నాకు పడిపోతుంది. ఒకటి రెండు నిమిషాలకు మళ్లీ లేస్తుంది, మళ్లీ పడుతుంది. మూడు దాటాక ఏమీ ఎరగనట్టు మామూలైపోతుంది. ప్లాంటు బిగించిన వాళ్లు వచ్చి ఇన్వర్టర్ (పలకల కరెంటును ఇంటి కరెంటుగా మార్చి లైనులోకి పంపే పెట్టె) భేషుగ్గా ఉందన్నారు. కరెంటు ఆఫీసు వాళ్లు వచ్చి లైను బాగానే ఉందన్నారు. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. ఆ ఇల్లు వీధికి చివర ఉంది, అంతే.

రూఫ్‌టాప్ సోలార్ గురించి మన చర్చంతా సబ్సిడీ ఎంత, బిల్లు ఎంత తగ్గుతుంది అన్న రెండు ప్రశ్నల మధ్యే తిరుగుతుంది. వోల్టేజీ మాట ఎవరూ ఎత్తరు. ఎత్తినా "సోలార్ ఎక్కువైతే గ్రిడ్ తట్టుకోదు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ ముక్కలో సగమే నిజం. తక్కిన సగం మనం దశాబ్దాలుగా లైన్లు ఎలా వేశాం, ట్రాన్స్‌ఫార్మర్లు ఎలా అమర్చాం అన్నదానిలో ఉంది. వోల్టేజీ వీధి మొత్తానిది. అది అదుపు తప్పినప్పుడు నష్టాన్ని చివరి ఇంటి నెత్తిన రుద్ది ఊరుకోవడం అన్యాయమని నా వాదన. పైగా చవకగా సరిచేయగల పనులు చేతిలో ఉండగా ఇలా జరుగుతోంది.

ముందు అంకెలు. మన ఇళ్లకు రావలసింది 230 వోల్టులు. దానికి అటూ ఇటూ 6 శాతం వెసులుబాటు, అంటే సుమారు 216 నుంచి 244 దాకా. ఇంటి మీది సోలార్ ఇన్వర్టర్‌కు వేరే గీత ఉంది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2013లో తెచ్చిన నిబంధనల ప్రకారం వోల్టేజీ 110 శాతం దాటితే, అంటే 253 అయితే, ఇన్వర్టర్ రెండు సెకన్లలోగా గ్రిడ్ నుంచి తప్పుకోవాలి. అంతా కుదుటపడి కనీసం 60 సెకన్లు గడిస్తేనే మళ్లీ కలవాలి. పిన్ని ఫోనులో గీత పడి లేవడానికి కారణం ఇదే. ఇన్వర్టర్ తప్పుకోగానే వోల్టేజీ దిగుతుంది, నిమిషం ఆగి అది తిరిగి కలుస్తుంది, కలవగానే వోల్టేజీ మళ్లీ ఎగబాకుతుంది.

ఇక మన ట్రాన్స్‌ఫార్మర్ మీద ఉండే నేమ్‌ప్లేటును చూడండి. 11,000 / 433 అని ఉంటుంది. 433 అంటే రెండు ఫేజుల మధ్య ఉండే వోల్టేజీ. దాన్ని ఒక ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య లెక్కగడితే సరిగ్గా 250 వస్తుంది. అంటే పైనుంచి 11 కేవీ పూర్తిగా వస్తూ, కింద వాడకం లేకపోతే, ట్రాన్స్‌ఫార్మర్ స్తంభం దగ్గరే 250 వోల్టులుంటాయి. ఎవరి ఇంటి మీదా ఒక్క పలక లేకపోయినా అది 244 దాటినట్టే. ఇది పొరపాటున జరిగింది కాదు. కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఇళ్ల వైపు మాత్రమే ప్రవహిస్తుందనీ, దారి పొడవునా వోల్టేజీ పడుతూ పోతుందనీ లెక్కవేసి, మొదట్లోనే కొంత ఎక్కువ ఇచ్చారు. చివరి ఇంటికి చేరేసరికి 220 మిగిలితే చాలనుకున్నారు.

ఆ జాగ్రత్తకు తగిన కారణమే ఉంది. మన పల్లెల్లో పెరిగిన వాళ్లెవరికైనా కరెంటు సమస్య అంటే లో వోల్టేజీయే. సాయంత్రం ట్యూబులైటు మిణుకుమిణుకుమంటూ వెలగక మొరాయించడం, ఫ్రిజ్ పక్కన స్టెబిలైజర్ టక్‌మని కొట్టుకోవడం, వరి పొట్ట దశలో మోటారు కాలిపోయి వైండింగుకు పరుగెత్తడం. 2004లో ఉచిత విద్యుత్ వచ్చాక రైతుల ముందు పెట్టిన షరతులు గుర్తున్నాయా? మోటారుకు కెపాసిటర్, ఐఎస్ఐ ముద్ర ఉన్న పంపుసెట్టు, ఘర్షణ తక్కువుండే ఫుట్‌వాల్వు, మంచి పైపు. కెపాసిటర్ మాట అందులోకి ఊరికే రాలేదు, లైను మీద భారం తగ్గి వోల్టేజీ నిలవాలన్నది అందులోని ఉద్దేశం. ఎల్టీ లైన్లను, అంటే ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఇళ్లకూ మోటార్లకూ వెళ్లే తక్కువ వోల్టేజీ లైన్లను కురచ చేసి, 11 కేవీ తీగను పొలం దాకా తీసుకుపోయి, నాలుగైదు మోటార్లకో చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టిన హెచ్‌వీడీఎస్ పనులూ ఉమ్మడి రాష్ట్రంలో ఇందుకే పెద్దయెత్తున జరిగాయి. ఫిర్యాదు వచ్చిన చోటల్లా లైన్‌మ్యాన్ చేతనైనది చేశాడు, ట్యాప్ (వోల్టేజీని మెట్లు మెట్లుగా పెంచే, తగ్గించే మీట) ఉన్న ట్రాన్స్‌ఫార్మర్‌కు ఒక మెట్టు పైకి పెట్టి వెళ్లాడు. ఆ ట్యాపును మళ్లీ ఎవరూ కిందికి దించలేదు.

ఇప్పుడు అదే లైనులో మధ్యాహ్నం పూట కరెంటు వెనక్కి నడుస్తోంది. అలా వెనక్కి తోయాలంటే ఇంటి దగ్గర వోల్టేజీ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికన్నా ఎక్కువుండాలి, దూరం పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువుండాలి. కాలువ చివరి ఆయకట్టు రైతుకు నీళ్లు అందకపోవడం మనకు తెలిసిన కష్టం. ఇక్కడ తంతు తలకిందులు. చివరి ఇంటికి రాత్రి వోల్టేజీ చాలదు, పగలు పట్టదు. రెండు పూటలా దెబ్బ తినేది ఆ ఇల్లే.

ఎంత పెరుగుతుందో ఒక లెక్క వేసి చూద్దాం. మన ఎల్టీ లైన్లలో విరివిగా కనిపించే సన్నని అల్యూమినియం తీగకు కిలోమీటరుకు సుమారు 0.9 ఓం నిరోధం ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్‌కు 300 మీటర్ల దూరంలో రెండు ఇళ్లు, చెరో 3 కిలోవాట్ల ప్లాంటు, రెండూ ఒకే ఫేజు మీద. ఇళ్లల్లో ఫ్యాన్లు, ఫ్రిజ్ పోను 5 కిలోవాట్లు లైనులోకి వెళుతోందనుకోండి. ఇరవై ఆంపియర్లు దాటిన ఆ కరెంటు ఫేజు తీగలో 300 మీటర్లు, న్యూట్రల్‌లో మరో 300 మీటర్లు తిరగాలి. పెరిగే వోల్టేజీ 11. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి 250కి ఇది కలిపితే 261. ఇన్వర్టర్ 253 దగ్గరే చేతులెత్తేసి ఉంటుంది. వాస్తవంలో 11 కేవీ లైనులో కొంత పోతుంది, వీధిలో మిగతా ఇళ్లు కొంత వాడుకుంటాయి, కాబట్టి అంత దాకా రాదు. మే నెలలో ఏసీలు నడుస్తాయి కనుక ఇంకా నయం. అసలు తంటా జనవరి, ఫిబ్రవరిలో. ఎండ పుష్కలం, వాడకం స్వల్పం.

ఆ 5 కిలోవాట్లనే ఒక్క ఫేజు మీద కాకుండా మూడు ఫేజుల మీద సమానంగా పంచితే? ఒక్కో తీగలో కరెంటు మూడో వంతు అవుతుంది. న్యూట్రల్‌లో ప్రవాహం దాదాపు ఉండదు, కాబట్టి దారి సగమవుతుంది. రెండూ కలిస్తే పెరుగుదల ఆరో వంతుకు, అంటే రెండు వోల్టుల లోపుకు దిగుతుంది. పదకొండు ఎక్కడ, రెండెక్కడ! కొత్త ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు, కొత్త తీగ అక్కర్లేదు. స్తంభం ఎక్కి వీధిలో కొన్ని సర్వీసు తీగలను వేర్వేరు ఫేజులకు మార్చితే చాలు. ఒక్క పూట పని.

ఇంత తేలిక పని ఎందుకు జరగదంటే, ఏ ఇల్లు ఏ ఫేజు మీద ఉందో రాసిపెట్టుకున్న కాగితం చాలాచోట్ల లేదు. కనెక్షన్ ఇచ్చిన రోజున ఏది వీలైతే ఆ ఫేజుకు తగిలించారు. వేసవిలో ఒక ఫేజు పోయినప్పుడు జనమే బతిమాలో బెదిరించో పక్క ఫేజుకు మార్పించుకున్నారు. ఫేజుల అసమతూకం ఎంత విడ్డూరమైనదో చూడండి. ఒక ఫేజు మీద సోలార్ పోగుపడి అక్కడ వోల్టేజీ పెరిగితే, న్యూట్రల్ పక్కకు జరిగి మిగతా రెండు ఫేజుల మీది ఇళ్లకు కాస్త తగ్గుతుంది. ఒకే స్తంభం నుంచి కరెంటు తీసుకునే రెండు ఇళ్లలో ఒకరిది హై వోల్టేజీ ఫిర్యాదు, ఒకరిది లో వోల్టేజీ ఫిర్యాదు. ఆఫీసులో కూర్చున్న ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీరుకు) ఈ రెండూ ఒకేరోజు అందితే ఎవరో ఒకరు అబద్ధమాడుతున్నారనే అనుకుంటాడు.

ట్యాపు సంగతికి వద్దాం. ట్యాపు ఒక మెట్టు సాధారణంగా 2.5 శాతం, అంటే ఆరు వోల్టుల పైచిలుకు. కిందికి ఒక మెట్టు దించితే మధ్యాహ్నపు బాధ చాలా మట్టుకు తీరుతుంది. రెండు అడ్డంకులున్నాయి. 100 కేవీఏ (ట్రాన్స్‌ఫార్మర్ మోయగల భారానికి కొలత), అంతకన్నా చిన్న ట్రాన్స్‌ఫార్మర్లకు మామూలుగా ట్యాపే ఉండదు, పల్లెల్లో ఉన్నవి ఎక్కువగా అవే. ట్యాపు ఉన్నవాటిలో కూడా దాన్ని మార్చాలంటే సరఫరా ఆపాలి, కాబట్టి పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అని తిప్పడం కుదరదు. ఏడాది పొడవునా ఒకే స్థానం. మధ్యాహ్నపు గరిష్ఠానికీ రాత్రి 7 గంటల కనిష్ఠానికీ తేడా 28 వోల్టుల లోపు ఉన్న వీధిలో ట్యాపు పనిచేస్తుంది. అంతకు మించితే ఏ స్థానంలో పెట్టినా ఏదో ఒక పూట తప్పుతుంది. ఈ తేడా ఎంతో తెలియకుండా ట్యాపు ముట్టుకోవడం కళ్లకు గంతలు కట్టుకుని చేసే పని.

సబ్‌స్టేషన్ దగ్గర చిక్కు మరొకటి ఉంది. దీని గురించి ఎవరూ రాయగా నేను చూడలేదు. వ్యవసాయానికి పగటిపూట కరెంటు ఇవ్వడానికి చాలాచోట్ల పొలాల ఫీడర్లను (సబ్‌స్టేషన్ నుంచి బయల్దేరే 11 కేవీ లైన్లను) ఊరి ఫీడర్ల నుంచి విడదీశారు. ఆ పని వేరే కారణాలకు మంచిదే. అయితే మధ్యాహ్నం వాడకం ఎక్కువుండే మోటార్లు ఒక తీగ మీదికీ, మధ్యాహ్నం ఉత్పత్తి ఎక్కువుండే ఇళ్ల కప్పులు మరో తీగ మీదికీ వెళ్లిపోయాయి. ఊళ్లో పుట్టిన కరెంటు పక్కనే ఉన్న పొలానికి చేరాలంటే సబ్‌స్టేషన్ దాకా వెనక్కి వెళ్లి, అక్కడినుంచి ఇంకో ఫీడర్‌లో దిగి రావాలి. ఆ రెండు ఫీడర్లూ పుట్టేది ఒకే 11 కేవీ బస్సు నుంచి, అంటే సబ్‌స్టేషన్‌లో ఫీడర్లన్నిటికీ కరెంటు పంచే లోహపు కడ్డీ నుంచి. మోటార్ల ఫీడర్ పొడుగ్గా, భారంగా ఉంటుంది కనుక చివరి మోటారుకు వోల్టేజీ అందాలంటే బస్సు దగ్గర పెంచాలి. ఊరి ఫీడర్‌లో సోలార్ పొంగుతోంది కనుక అదే బస్సు దగ్గర తగ్గించాలి. సబ్‌స్టేషన్ ట్రాన్స్‌ఫార్మర్‌కు సరఫరా ఆపకుండా తిప్పగల ట్యాపు ఉన్నా, ఒక్క చక్రాన్ని ఏకకాలంలో రెండు వైపులకూ తిప్పలేరు. పెద్ద ఫీడర్‌కు మధ్యలో వోల్టేజీ రెగ్యులేటర్ పెట్టడమో, పొలాల ఫీడర్‌ను రెండుగా చీల్చడమో చేయాలి. దాంతో బస్సు వోల్టేజీని తగ్గించే వీలు చిక్కుతుంది. దీనికి డబ్బు కావాలి, కాదనను.

డబ్బు అక్కర్లేని సాధనం ఒకటి ఇప్పటికే ప్రతి సోలార్ ఇంటి గోడకు తగిలించి ఉంది. నేటి ఇన్వర్టర్లు ఊరికే కరెంటు తోసే పెట్టెలు కావు. వోల్టేజీ పెరుగుతున్నప్పుడు లైను నుంచి రియాక్టివ్ పవర్ (పని చేయకుండా లైనులో ముందుకూ వెనక్కూ ఊగే శక్తి) పీల్చుకుని వోల్టేజీని కొంత కిందికి లాగగలవు. ఒకప్పుడు అమెరికాలో, చిన్న ప్లాంట్లను గ్రిడ్‌కు కలిపే పద్ధతి చెప్పే 2003 నాటి ఐఈఈఈ 1547 ప్రమాణం ఇలాంటి జోక్యాన్ని నిషేధించింది, వోల్టేజీ సంగతి కరెంటు కంపెనీ చూసుకుంటుంది, మీరు వేలు పెట్టకండి అని. 2018లో అదే ప్రమాణం తిరగరాసి ఈ సామర్థ్యం ఉండి తీరాలన్నారు. జర్మనీ 2011 నాటికే చిన్న ప్లాంట్లకూ దీన్ని తప్పనిసరి చేసింది. ఆస్ట్రేలియాలో 2021 డిసెంబరు నుంచి బిగించే ప్రతి ఇన్వర్టరూ వోల్టేజీని బట్టి రియాక్టివ్ పవర్‌నూ, అదీ చాలకపోతే 253 దాటాక ఉత్పత్తినీ మెల్లమెల్లగా సర్దుకోవాలి. ఠక్కున ఆగిపోవడానికీ మెల్లగా తగ్గడానికీ ఎంత తేడా ఉందో పిన్ని ఫోనులో గీత చూసిన వాళ్లకు చెప్పనక్కర్లేదు.

మన దగ్గర అమ్ముడయ్యే ఇన్వర్టర్లలో చాలా రకాలు ఆ దేశాల్లోనూ అమ్ముడయ్యేవే. సామర్థ్యం లోపలే ఉంది, బిగించేటప్పుడు ఎవరూ మెనూలోకి వెళ్లి దాన్ని తెరవరు. అయితే దీన్ని సర్వరోగ నివారిణిగా చెప్పే వాళ్లతో కూడా నాకు పేచీ ఉంది. రియాక్టివ్ పవర్ ప్రభావం చూపేది తీగలోని రియాక్టెన్స్ (ఏసీ కరెంటుకు తీగ అయస్కాంత ప్రభావం పెట్టే అడ్డు) మీద, సన్నని ఎల్టీ తీగలో దానికన్నా నిరోధమే చాలా ఎక్కువ. పై ఉదాహరణలో ఆ ఇన్వర్టర్లు తమ శక్తి మేరకు రియాక్టివ్ పవర్ పీల్చినా తీగలో తగ్గేది రెండు వోల్టుల దరిదాపుల్లోనే. 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ కింద వీధిలోని ఇన్వర్టర్లన్నీ కలిసి పీలిస్తే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మరో మూడు వోల్టులు తగ్గవచ్చు. అంటే మొదటి ఇంటి వాళ్లు కూడా చెయ్యి వేస్తేనే చివరి ఇల్లు గట్టెక్కుతుంది. మొదటి ఇంటి ఇన్వర్టర్‌కు ఏ ఇబ్బందీ లేదు కనుక తనంతట తాను ఆ పని చేయదు. నియమం పెట్టి చేయించాలి.

ఇక్కడే మన వీధుల్లో చాటుగా నడుస్తున్న మరో వైద్యం గురించి చెప్పాలి. ఇన్వర్టర్ మాటిమాటికీ ఆగుతోందని ఫోను చేస్తే, బిగించిన కుర్రాడు వచ్చి "సెట్టింగ్ మార్చేస్తానండీ" అంటాడు. పరిమితిని 253 నుంచి 270కో, అంతకు పైకో జరుపుతాడు. ప్లాంటు ఇక ఆగదు. యజమాని సంతోషించి టీ ఇస్తాడు. వోల్టేజీ మాత్రం అలాగే ఉంది, ఇంకాస్త పెరిగింది కూడా. సోలార్ లేని పక్కింట్లో ఎల్ఈడీ బల్బులు ఎందుకు వరసగా పోతున్నాయో, సెట్‌టాప్ బాక్సు అడాప్టర్ ఎందుకు కాలిందో ఆ ఇంటి వాళ్లకు ఎప్పటికీ తెలియదు. తన యూనిట్ల కోసం పొరుగువాడి ఫ్రిజ్‌ను పణంగా పెట్టడం నాకు మింగుడుపడదు. ఆ కుర్రాణ్ణి తిట్టి మాత్రం లాభం లేదు. సరైన దారిలో వెళితే నెలల తరబడి ఎవరూ పలకనప్పుడు దొడ్డిదారే మామూలు దారి అవుతుంది.  

మనం మాత్రం వేగంగా పరుగెడుతున్నాం. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం లక్ష్యం కోటి ఇళ్లు, 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ. నాగర్‌కర్నూల్ జిల్లా కొండారెడ్డిపల్లి, కుప్పం దగ్గరి నడిమూరు లాంటి చోట్ల ఊరికి ఊరినే సోలార్ చేసే పనులు చేపట్టారు. అదే ఏడాది వినియోగదారుల హక్కుల నియమాలు సవరించి, 10 కిలోవాట్ల లోపు ప్లాంట్లకు సాంకేతిక పరిశీలన లేకుండానే అనుమతి ఇచ్చినట్టు భావించాలన్నారు. పరిశీలన పేరుతో నెలలు తిప్పించిన రోజులు చూసిన వాణ్ణి కనుక దీన్ని స్వాగతిస్తాను. 5 కిలోవాట్ల దాకా లైను బలోపేతం ఖర్చు డిస్కంలే (కరెంటు పంపిణీ సంస్థలే) భరించాలని కూడా ఆ సవరణలోనే ఉంది. బలోపేతం ఎక్కడ అవసరమో తెలియాలంటే ఎవరో ఒకరు వోల్టేజీ చూడాలి కదా. ముందు చూడటం మానేశాం, తర్వాత చూసే ఏర్పాటు చేయలేదు.

కొన్ని రాష్ట్రాల్లో దీనికి బదులు, ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యంలో ఇంత శాతానికి మించి సోలార్ ఇవ్వం అని గీత గీస్తారు. వినడానికి బాగుంటుంది. ట్రాన్స్‌ఫార్మర్‌కు ఆనుకుని ఉన్న ఇరవై ఇళ్ల మీద 60 కిలోవాట్లు పెట్టినా ఏమీ కాకపోవచ్చు. చివరి స్తంభం దగ్గర ఒకే ఫేజు మీద 6 కిలోవాట్లతోనే కథ తారుమారవుతుందని పైన చూశాం. కేవీఏ శాతం తప్పుడు కొలబద్ద. దాంతో అక్కర్లేని చోట సోలార్ ఆగుతుంది, ఆపాల్సిన చోట సాగిపోతుంది.

డిస్కంల వైపు మాట కూడా ఉంది. సోలార్ పెట్టుకునేది ఎక్కువ బిల్లు కట్టే ఇళ్లే, ఆ ఆదాయం పోతోంది. సిబ్బంది చాలరు. ఒక్కో లైన్‌మ్యాన్ చేతిలో ఎన్నో ఊళ్లు. ఇదంతా నిజమే కాబట్టే నేను ముందుగా అడిగేది కొత్త ట్రాన్స్‌ఫార్మర్లు కాదు, బ్యాటరీలు కాదు. ఫేజుల లెక్క, ట్యాపు స్థానం, ఇన్వర్టర్ సెట్టింగు, ఈ మూడింటినీ చూసి, ఆ తర్వాతే సామాన్లు కొనమంటాను. స్మార్ట్ మీటర్ల మీద జనానికి ఎన్ని అనుమానాలున్నా, అవి యూనిట్లతో పాటు సగటు వోల్టేజీని కూడా కాలవ్యవధుల వారీగా నమోదు చేస్తాయన్నది వాస్తవం. బిల్లు వేయడానికి పనికొచ్చే మీటరు ఈ పనికి ఎందుకు పనికిరాదు? వీధి చివరి మీటరులో మధ్యాహ్నపు వోల్టేజీ వారం రోజులు 244 దాటితే, ఫిర్యాదు కోసం ఎదురుచూడకుండా ఏఈ ఫోనుకు ఆ స్తంభం నంబరు వెళ్లాలి. అప్పటిదాకా ఆ ఇల్లు కోల్పోయిన యూనిట్లు, అదే వీధిలో మొదటి ఇంటి ఉత్పత్తితో పోల్చి, బిల్లులో జమ కట్టాలి. ఇలా జమ కట్టాల్సి వస్తే ఫేజు మార్చడానికి నిచ్చెన ఎంత త్వరగా లేస్తుందో చూడాలని నాకు ఉబలాటం.

అది జరిగేలోగా మీ ప్లాంటు ఇలాగే సతాయిస్తుంటే, "సోలార్ పనిచేయడం లేదు" అని ఫిర్యాదు రాయకండి, అది తిరిగి ప్లాంటు బిగించిన వాళ్ల దగ్గరికే పోతుంది. ఇన్వర్టర్ తెర మీద గ్రిడ్ వోల్టేజీ ఎంతో మధ్యాహ్నం 12 గంటలకు ఒకసారి, రాత్రి 7 గంటలకు ఒకసారి ఫొటో తీయండి. వీధిలో సోలార్ ఉన్న మరో రెండు ఇళ్ల అంకెలు కూడా అదే సమయానికి తీసుకోండి. స్తంభం నంబరు, ట్రాన్స్‌ఫార్మర్ మీద రాసిన నంబరు జతచేసి, "సరఫరా వోల్టేజీ 244 దాటుతోంది, ఫేజు బ్యాలెన్సు, ట్యాపు స్థానం తనిఖీ చేయగలరు" అని రాయండి. మీకూ ట్రాన్స్‌ఫార్మర్ పక్కింటికీ మధ్యాహ్నం తేడా పది వోల్టులుంటే లోపం ఫేజుల్లోనో, తీగలోనో ఉన్నట్టు. ఇద్దరికీ ఒకేలా ఎక్కువుంటే ట్యాపులో, లేదా సబ్‌స్టేషన్ దగ్గర. సెట్టింగ్ మార్చేస్తానని వచ్చిన కుర్రాడికి మాత్రం టీ ఇచ్చి పంపించేయండి.